పాలు మార్చని వేరు

ధవళశృంగ నగరపు కోటగోడ మీద ఆ ఉదయం నూటెనిమిది పతాకాలు ఎగురుతున్నాయి. వీధివీధినా పందిళ్ళు, పందిరిపందిరికీ తోరణాలు. సభామండపానికి ఎక్కే మెట్లకు అటూ ఇటూ పాలరాతి ఏనుగులు, వాటి తొండాల నుంచి సన్నగా జారే గంధపు నీళ్ళు. లోపల ముప్పైరెండు స్తంభాలు, స్తంభస్తంభానికీ ఒక్కో రంగు రాయి పొదిగిన లతలు. నడుమ దంతపు సింహాసనం మీద రాణి శశాంకవతీదేవి దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. మూడు నెలల కిందట వచ్చిన విషజ్వరం ఆమెను విడిచిపెట్టింది గాని, పోతూపోతూ బలాన్ని వెంట పట్టుకుపోయింది. నిద్ర లేదు, ఆకలి లేదు, పది అడుగులు వేస్తే మోకాళ్ళు వణుకుతాయి.

ఇంత వైభవంలోనూ అందరికంటే మెరిసిపోతున్నవాడు మన చౌడన. జరీ తలపాగా, చెవులకు పచ్చల పోగులు, భుజాన రాణి కప్పించిన పట్టుశాలువ. అయిదు రోజుల కిందట ఇతడు ఒక సంచీ తగిలించుకుని, మోకాళ్ళ దాకా దుమ్ముతో ఈ కోటలో అడుగుపెట్టిన వేళ్ళు తవ్వుకునే మనిషి. ఇప్పుడు చూడటానికి దర్జాగానే ఉన్నాడు. లోపల మాత్రం ప్రాణం ప్రాణంలో లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే ఆ అయిదు రోజుల సంగతి చెప్పాలి. అది చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది.

నగరానికి రెండామడల దూరంలో పిడుగురాయి కొండ ఉంది. ఆ కొండ మీద మాచవ్వ అనే ముసలి వైద్యురాలు ఉంది. చౌడనను పెంచి విద్య నేర్పింది ఆమే. అక్కడి చరియల్లో తప్ప మరెక్కడా దొరకని కేసరివేరు గుణం ఆమెకు తెలిసినట్లు ఇంకెవరికీ తెలియదు. జ్వరం పీల్చేసిన ఒంటికి ఆ వేరు మళ్ళీ నెత్తురు పట్టిస్తుంది, కంటికి నిద్ర తెస్తుంది, అన్నం మీదికి మనసు పోనిస్తుంది. అయితే పచ్చివేరు విషం. దాన్ని పలచగా తరిగి ఏడు రోజులు పాలలో నానబెట్టాలి. ప్రతి ఉదయం పాత పాలు తీసేసి కొత్త పాలు పోయాలి. మొదటినాడు పాలు నేరేడు రసంలా నల్లబడతాయి. రోజురోజుకూ ఆ రంగు విరుగుతూ వచ్చి, ఏడోనాటికి పాలు పాలలాగే మిగులుతాయి. అప్పుడే వేరు మందైనట్లు. తీసేసిన పాలను కుక్క కూడా ముట్టకుండా గొయ్యి తీసి పూడ్చాలి. తీరా మందైన తరువాత కూడా గురివింద గింజంతే, అన్నం తిన్నాక, తేనెతో. గర్భిణులకూ పసివాళ్ళకూ గుండెదడ ఉన్నవాళ్ళకూ అసలు వద్దు. అన్నిటికంటే పైమాట, మందు ఇచ్చేవాడు రోగి ఎదుట తాను ముందు తినాలి. అది ఆ కొండవాళ్ళ కట్టుబాటు. చౌడన చేత చేతిలో చెయ్యి వేయించుకుని మరీ మాచవ్వ అతణ్ణి కోటకు పంపింది.

కోటలో కాలజంఘుడనే ఆస్థాన మాంత్రికుడు ఉన్నాడు. మూడు నెలలుగా ధూపాలు వేసి వేసి రాణికి దగ్గు తెప్పించడం తప్ప ఏమీ చెయ్యలేకపోయినవాడు. చౌడన సంచీ చూసి నవ్వి, ఈ వేళ్ళు ఉడికేసరికి నెల పడుతుందా, రెండు నెలలా అని సభలో అడిగాడు. మనవాడికి పౌరుషం పొడుచుకొచ్చింది. అయిదో రోజున దర్బారులో రాణిగారు మందు పుచ్చుకుంటారు, అదే రోజు మెట్లు దిగి నడుస్తారు అనేశాడు. ఏడని తెలిసీ అయిదన్నాడు. నోరు జారినవాడు దిద్దుకోవచ్చు. కాని సభంతా చప్పట్లు కొట్టేసరికి దిద్దుకోబుద్ధి కాలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. నాలుగోనాటి ఉదయం కొత్త పాలు పక్కన పెట్టుకుని కుండ మూత తీస్తుండగా రాజభటులు వచ్చారు. రాణివైద్యం పట్టినవాణ్ణి తెల్ల ఏనుగు మీద ఊరేగించడం ఆ నగరపు ఆచారమట. పాలు మార్చి వస్తానని ఒక్క మాట అంటే మావటి ఆగేవాడే. అనలేదు. మేడల మీది నుంచి పూలు పడుతుంటే తల ఇటు తిప్పాలా అటు తిప్పాలా అని తికమకపడుతూ పొద్దంతా తిరిగాడు. సాయంత్రం వచ్చి పూలదండలతోనే పడి నిద్రపోయాడు. అయిదోనాడు లేచి పాలు మార్చాడు గాని, లెక్కకు అవి నాలుగో పాలు. అవి కూడా మబ్బు రంగుకు తిరిగాయి. చూశాడు. చూసి, కళ్ళు మూసుకుని వడగట్టాడు, నూరి తేనెలో కలిపాడు, బంగారు గిన్నెలో పెట్టుకుని దర్బారుకు వచ్చాడు. అందుకే ప్రాణం ప్రాణంలో లేదు.

ఇప్పుడు గిన్నె సింహాసనం ముందు ఉంది. చౌడన చెయ్యి దాని మీదికి వెళ్ళింది, తన వంతు తినడానికి. అంతలో నీలమ్మ లేచింది.

నీలమ్మ ఆ కోటలో రుచిచూపరి. రాణి నోట్లోకి పోయే ప్రతి ముద్దా అరఘడియ ముందు ఆవిడ నోట్లోకి పోవాలి. ఇరవైమూడేళ్ళుగా అదే పని. ఈ అయిదు రోజులూ చౌడనకు వేళకు అన్నం పెట్టించింది ఆవిడే. పులుసులో ఉప్పెక్కువైందని వంటవాణ్ణి తిట్టి, వేరే చేయించి మరీ పెట్టింది. ఆవిడ నవ్వుతూ గిన్నె తన వైపు లాక్కుంది.

"నువ్వు తింటే ఇంక నేనెందుకయ్యా ఇక్కడ? ఇన్నేళ్ళకి ఇవాళ కొత్తగా ఉత్తచేతుల్తో కూచోమంటావా?"

చౌడన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇదిగో, ఇక్కడే నాకు వాడి చెంప వాయించాలనిపిస్తుంది. మాచవ్వ చేతిలో వేసిన చెయ్యి అది. మా కట్టుబాటు వేరమ్మా, ముందు నేనే తినాలి అని ఒక్క మాట అనలేకపోయాడు సరికదా, ఆ గిన్నె తన ముందు నుంచి కదిలినందుకు అతడికి హాయి అనిపించింది.

నీలమ్మ మందు నాలుకకు రాసుకుని మింగింది. చేదని మొహం చిట్లించి, సభను నవ్వించింది. ఆ తరువాత పెదవులు తడుముకుంది. పెదవులు తిమ్మిరెక్కుతున్నాయని పక్కనున్న దాసితో చెప్పబోయింది గాని, మాట ముద్దగా వచ్చింది. గుండె మీద చెయ్యి వేసుకుని మెట్టు మీద కూలిపోయింది.

సభ సభంతా లేచి నిలబడింది. దళవాయి కత్తి దూశాడు. అతడి చూపు సూటిగా కాలజంఘుడి మీదికి, అతడి పాదాల దగ్గర పొగలు కక్కుతున్న ధూపపాత్ర మీదికి పోయింది. మందు రుచి చూసేవేళకు విషధూపం వేశాడని ఒకరన్నారు, అసూయతో చేశాడని పదిమంది అన్నారు. క్షణంలో మాంత్రికుడి చేతులు వెనక్కి విరిచి కట్టారు. మొసళ్ళ అగడ్తలోకి తొయ్యమని దళవాయి ఆజ్ఞ. రుచిచూపరి పడిపోతే, ఆమె లేచి కూర్చునేదాకానో పాడె కట్టేదాకానో కోట తలుపులు తెరవకూడదని పూర్వం నుంచి ఉన్న శాసనం. నాలుగు దిక్కులా తలుపులు ధన్‌ధన్‌మని మూసుకున్నాయి. ఆస్థాన వైద్యులు నీలమ్మను వెల్లకిలా పడుకోబెట్టి, ధూపవిషానికి చేసే వైద్యం మొదలుపెట్టారు. చల్లటి తడిబట్టలు చుడుతున్నారు.

వేరు విషం ఎక్కిన మనిషికి చలువ తగిలితే గుండె ఆగిపోతుంది. ఆ మండపంలో ఈ సంగతి తెలిసినవాడు ఒక్కడే, వాడు నోరు విప్పడం లేదు. కాలజంఘుడు చెడ్డవాడే, ఎన్ని మాయలు చేశాడో లెక్కలేదు. ఈ ఒక్కటి మాత్రం అతడు చెయ్యలేదు. భటులు ఈడ్చుకుపోతుంటే అతడు చౌడన పక్కగా వచ్చి, వినీవినపడనట్లు నీ పాలకుండ ఇవాళ ఏ రంగులో ఉంది వైద్యుడా అని అడిగాడు. చౌడనకు ఆ మాంత్రికుడు అగడ్తలో పడితే తన సంగతి ఎవరికీ తెలియదనే ఆలోచన వచ్చింది. రావడం ఒక సిగ్గు, వచ్చినదాన్ని తరిమెయ్యకుండా కాసేపు ఉంచుకోవడం అంతకంటే సిగ్గు.

అప్పుడు నీలమ్మ కళ్ళు తెరిచింది. తడిబట్టల్లో వణుకుతూ, తిమ్మిరెక్కిన నాలుకతో రాణి వైపు చూసి అంది.

"మందు మంచిదేనమ్మా. ఈ నాయన్నేమీ అనకండి."

చౌడనకు తల తీసేసినట్లయింది. తలపాగా తీసి నేల మీద పెట్టి, భటులకు అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు. మాంత్రికుడి తప్పు లేదని, తప్పు తనదని, ఏడు పాలు మార్చవలసిన వేరును చెప్పిన గడువు కోసం తొందరపడి ముందే తీశానని చెప్పాడు. ఎన్ని పాలు మార్చావని ఆస్థాన వైద్యుల్లో పెద్దాయన అడిగాడు.

"అయిదు," అన్నాడు చౌడన.

నాలుగు. నాలుగేనని వాడికీ తెలుసు, మీకూ తెలుసు. అయిదంటే మాట కోసం తొందరపడ్డాడని అనుకుంటారు, కొంత క్షమిస్తారు. నాలుగంటే ఏనుగు సంగతి చెప్పాలి. పూలు పడుతుంటే ఒళ్ళు మరిచిపోయి ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చానని అందరి ముందూ చెప్పాలి. అంత సిగ్గులోనూ ఆ చిన్న సిగ్గును దాచుకున్నాడు దౌర్భాగ్యుడు.

రాణి అతడి వైపు చూడను కూడా చూడలేదు. నీ సంగతి తరువాత, ముందు ఆమె సంగతి చెప్పమంది. చౌడన గబగబా చెప్పాడు. తడిబట్టలు తీసెయ్యాలి, కూర్చోబెట్టాలి, వెచ్చగా కప్పాలి. అయిదు పాలు మారిన వేరుకు మిరియాల కషాయం గుండెను నిలుపుతుంది. ఇప్పుడొక దొప్పెడు, మధ్యాహ్నపు నగారా మోగగానే ఇంకొక దొప్పెడు. విరుగుడు మాత్రం వెలిపూల తీగ ఆకు. అది మాచవ్వ పెరట్లో తప్ప లేదు. చెబుతూనే తన పట్టుశాలువ తీసి నీలమ్మకు కప్పాడు. మొదటి దొప్ప తన చేత్తోనే తాగించాడు. ఆవిడ అతడి వేళ్ళు పట్టుకుని వదల్లేదు. విడిపించుకునేసరికి అతడికి ఏడుపొచ్చింది.

తలుపులు మూసి ఉన్నాయి, గుర్రం పోను వీల్లేదు. పోయినా సాయంత్రానికి గాని తిరిగి రాదు, కషాయం అంతసేపు గుండెను నిలపదు. అప్పుడు కట్లు విప్పించుకున్న కాలజంఘుడు మణికట్లు రుద్దుకుంటూ ముందుకు వచ్చాడు.

"నా ఉడుమునిస్తాను. నీ మీద జాలిపడి కాదు. ఆవిడ పోతే ఆ మాట నా నెత్తినే ఉంటుంది."

కోటగోడ కింది గుహలోంచి ఆ ఉడుము బయటికి వచ్చింది. జోడెడ్ల బండంత ఉంది. వీపు మీద రాగిరేకుల్లాంటి పొలుసులు, చీలిన నాలుక బారెడు. చౌడన దాని మెడ కరుచుకున్నాడో లేదో అది గోడెక్కేసింది. అవతలి వైపు తల కిందుగా జారుతుంటే అతడి పచ్చల పోగులు ఒకదాని వెంట ఒకటి ఊడి అగడ్తలో పడ్డాయి. మొసళ్ళు వాటినే తినే వస్తువనుకుని కొట్లాడుకున్నాయి. ఉడుము వాటి వీపుల మీదుగా నాలుగు అంగల్లో గట్టెక్కింది.

ఆ తరువాత ముళ్ళడవి. ఏ కొమ్మకు ఏ బట్ట చిరిగిందో చూసుకునే తీరిక లేదు. అడవి దాటితే వంతెన కూలిన లోయ. ఉడుము ఒక గోడన దిగి రెండో గోడన పాకింది. సగం కొండ ఎక్కేసరికి గూళ్ళలోంచి రాబందులు లేచి మీద పడ్డాయి. ఒకటి చౌడన భుజం చీల్చింది. అతడు దాని మెడ పట్టుకుని విసిరికొట్టాడు. ఇంకొకటి కళ్ళ మీదికి వస్తే ఉడుము తోక విసిరింది, ఆ దెబ్బకు రాబందుతోపాటు గంపెడు రాళ్ళు కూడా లోయలోకి రాలాయి. ఎండ నడినెత్తికి ఇంకా మూడు ఘడియలు ఉందనగా చౌడన మాచవ్వ గుడిసె ముందు దొర్లిపడ్డాడు.

మాచవ్వ పీట మీద కూర్చుని వేళ్ళు తరుగుతోంది. అతడి చిరిగిన జరీ బట్టలు చూసింది, నెత్తురు చూసింది. కత్తిపీట పక్కకు జరిపింది. ఏమైందని అడగలేదు, ఎవరికి అని అడిగింది. చెప్పాడు. ఆ మనిషి వయసెంత, ఎంత తిన్నది, పెదవులు ముందు తిమ్మిరెక్కాయా కాళ్ళా, చెమట పట్టిందా లేదా అని ఒక్కొక్కటే అడిగింది. అన్నిటికీ చెప్పాడు.

"ఎన్ని పాలు మార్చావురా?"

"అయి..." అని ఆమె మొహం చూశాడు. చిన్నప్పటి నుంచి జ్వరమొచ్చినప్పుడల్లా ఆ మొహాన్నే చూసి ధైర్యం తెచ్చుకున్నవాడు. "నాలుగే అవ్వా. ఏనుగెక్కి ఊరేగాను. నాలుగోనాడు మార్చలేదు."

ముసలిది అక్కడ ఎన్నని చెప్పావని అడిగింది. అయిదని చెప్పానన్నాడు. ఏం పట్టమని వచ్చావని అడిగింది. మిరియాల కషాయం, ఒకటి తాగించాను, రెండోది నగారా వేళకు అన్నాడు. అంటుండగానే అతడికీ అర్థమైంది. నేర్చుకున్న విద్యే మరి. అయిదు పాలు మారిన వేరుకు మిరియం గుండెను నిలబెడుతుంది. నాలుగు పాలకే తీసిన వేరులో మిగిలిన విషాన్ని మిరియం రెచ్చగొడుతుంది. ఒక దొప్పకు మనిషి తట్టుకుంటుంది. రెండో దొప్పకు తట్టుకోదు. సభలో దాచుకున్న ఆ ఒక్క అంకె ఇప్పుడు వెండిదొప్పలో పోసి, నీలమ్మ పక్కన సిద్ధంగా పెట్టి ఉంది.

"నన్ను చంపెయ్యి అవ్వా," అన్నాడు చౌడన.

"నీ చావెవడిక్కావాలిరా? ఆ రెండో దొప్ప పట్టనియ్యకు. పో."

వెలిపూల ఆకులు పదకొండు తెంపి అరటిదొన్నెలో చుట్టి అతడి చేతిలో పెట్టింది. తిట్టలేదు, కొట్టలేదు. తిరిగి పీట మీద కూర్చుంది గాని కత్తిపీట అందుకోలేదు. అది చూసిన చౌడనకు ఆమె తిట్టి ఉంటేనే బాగుండేదనిపించింది.

దిగేటప్పుడు రాబందులు రాలేదు. ఉడుము రొప్పుతోంది, చౌడన దాని మెడ నిమురుతూ, బతిమాలుతూ, ఒక్కోసారి తిడుతూ తోలాడు. లోయ దాటింది, ముళ్ళడవి దాటింది. ఎదురుగా కోటగోడ, దాని మీద నూటెనిమిది పతాకాలు. అగడ్త గట్టుకు చేరేసరికి బురుజు మీది విలుకాళ్ళు దాన్ని చూశారు. ఉడుము మీద మనిషి పోయినట్లు ఆ వైపు కావలివాళ్ళకు ఎవరూ చెప్పలేదు. వాళ్ళకు కనిపించింది కోట మీదికి ఎగబడుతున్న రాక్షసి ఉడుము. బాణాలు వచ్చాయి. ఒకటి ఉడుము ముంగాలిలో దిగింది. అది బాధతో మెలితిరిగి చౌడనను గట్టు మీదికి విసిరేసి, నీళ్ళలోకి దూకి, దూరంగా ఈదుకుంటూ పోయింది.

ఇవతల చౌడన. అవతల గోడ. నడుమ మొసళ్ళ అగడ్త. నడినెత్తిన ఎండ.

గోడ మీద ఊళ్ళోవాళ్ళు గుంపులుగా ఉన్నారు. తలుపులు మూసేసరికి పనులు ఆగిపోయి, బయట ఏం జరుగుతోందో చూద్దామని ఎక్కినవాళ్ళు. వాళ్ళలో పిట్టగోడ మీద తడిబట్టలు ఆరేస్తున్న ఒకావిడ అందరికంటే దగ్గరగా ఉంది. చౌడన చేతులు ఊపి, తానెవరో చెప్పాడు. ఆవిడ కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"నువ్వా? మా వీధి మనిషిని ఆ గతి పట్టించింది నువ్వా?"

"నేనే తల్లీ. నేను సభలో అబద్ధమాడాను. అయిదు కాదు, నాలుగే పాలు. ఏనుగెక్కి ఊరేగుతూ మందు మరిచాను. నీలమ్మకు రెండో కషాయం పట్టొద్దని చెప్పు. పడితే చచ్చిపోతుంది. పక్కవాళ్ళకి చెప్పు, అరిచి చెప్పు."

ఆవిడ చేతిలోని బట్ట జారిపోయింది. అతణ్ణి తిట్టబోయి, వ్యవధి లేదని తెలుసుకుని, వెనక్కి తిరిగి గొంతు చించుకుని అరిచింది. మెట్ల మీదివాళ్ళు అందుకున్నారు. వాళ్ళ దగ్గర నుంచి వీధి, వీధి నుంచి అంగడి. చౌడన అబద్ధమాడాడట, నాలుగే పాలట, ఏనుగెక్కి కులికాడట, కషాయం పట్టొద్దట. పోతూపోతూ ఒక్కో నోరూ ఒక్కో తిట్టు కలిపింది. మొన్న మేడల మీది నుంచి పూలు చల్లినవాళ్ళే ఇవాళ మేడల మీది నుంచి ఆ మాట విసురుతున్నారు. అతడి పేరు అంగడి దాటి, రథశాల దాటి, సభామండపం వైపు పోతోంది. రెండో ప్రాకారం దగ్గర ఎక్కడో అది ఆగినట్లయింది. అక్కడి కావలివాళ్ళు ఏమిటేమిటని అడుగుతున్నారు కాబోలు.

బురుజు మీద నగారా మొదటి దెబ్బ పడింది.

చౌడన అరటిదొన్నె పళ్ళతో కరుచుకున్నాడు. మొసళ్ళు ఏ వైపు ఉన్నాయో కూడా చూడకుండా అగడ్తలోకి దూకాడు. నీళ్ళు చెవుల్లోకి పోతున్నా తల పైకెత్తి వింటూనే ఉన్నాడు. గోడ అవతల వెయ్యి గొంతులు మళ్ళీ లేచాయి, అబద్ధాలకోరు చౌడన అంటూ. ఇంకా గట్టిగా అనండి, ఇంకా లోపలికి పోనివ్వండి అని లోలోపల వాళ్ళకు దండాలు పెట్టుకుంటూ అతడు ఈదుతున్నాడు.